రూ. 300 లోపు క్రిస్మస్ గిఫ్ట్: కొనేముందు మీ ఫ్రెండ్ ఫోన్ సంగతి తెలుసుకోండి

డిసెంబర్ వచ్చిందంటే నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, క్లాసులో సీక్రెట్ శాంటా చీటీలు తీశాం. బడ్జెట్ 300. మంచి గ్యాడ్జెట్ ఏదైనా ఉంటే చెప్పు." సెలవులకు ముందు స్కూల్లో సెమీ క్రిస్మస్ జరిగే రోజుకి గిఫ్ట్ రెడీగా ఉండాలి. చేతిలో ఉండేది వారం, మహా అయితే పది రోజులు.

ఇన్నాళ్లూ ఇలా అడిగినవాళ్లకి నాలుగు లింకులు పంపి ఊరుకునేవాడిని. ఈసారి లింకులు ఇవ్వట్లేదు. 300 రూపాయల్లో ఏ వస్తువు బెస్ట్ అనే ప్రశ్నకి, అది ఎవరికి ఇస్తున్నారో తెలియకుండా జవాబు ఉండదు. ఇది నాకు పదో తరగతిలో తెలిసొచ్చింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత లిస్ట్‌లోకి వెళ్తాను.

నేను ఇచ్చిన గిఫ్ట్, నాకు వచ్చిన గిఫ్ట్

చీటీలో నా బెంచ్‌మేట్ పేరే వచ్చింది. ఏడాదంతా పక్కపక్కనే కూర్చున్నాం, సాయంత్రం ఒకే ట్యూషన్. వాడికి పాటలంటే పిచ్చి. ఇంకేం ఆలోచించలేదు, దాచుకున్న 250 పెట్టి మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్ కొన్నాను. సెమీ క్రిస్మస్ రోజు అందరి ముందూ ప్యాకెట్ విప్పాడు. క్లాసంతా "సూపర్ రా" అంది. వాడూ నవ్వాడు. నేను కాలర్ ఎగరేశాను.

సంక్రాంతి సెలవుల్లో వాళ్లింటికి వెళ్లాను. హాల్లో టీవీ పక్కన మేకుకి ఆ ఇయర్‌ఫోన్స్ ప్యాకెట్ వేలాడుతోంది, సీల్ కూడా సరిగ్గా తియ్యలేదు. "ఇదేంటి ఆంటీ, వాడట్లేదా?" అని అడిగేశాను. "ఫోన్ కొన్నాక వాడుకుంటాడంట బాబూ, ఎవర్నీ ముట్టుకోనివ్వడు" అన్నారు వాళ్లమ్మ. వాళ్లింట్లో ఉన్నది ఒకటే కీప్యాడ్ ఫోన్. అది వాళ్ల నాన్నతోపాటు లారీలో తిరుగుతూ ఉంటుంది. నేను వాట్సాప్‌లో పెట్టిన నోట్స్ వాడెప్పుడూ చూడకపోవడానికి కారణం బద్ధకం అనుకున్నాను అప్పటిదాకా.

ఇంకో విషయం. ఆ క్రిస్మస్‌కి వాడి చీటీలో నా పేరు రాలేదు. అయినా పండక్కి రెండు రోజుల ముందు ట్యూషన్‌లో నా ఛార్జింగ్ కేబుల్ అడిగి తీసుకున్నాడు. పిన్ దగ్గర మెడ వంగి, పైన రబ్బరు చీలడం మొదలైంది. వాడు పాత బాల్‌పెన్‌లోని స్ప్రింగ్ తీసి, సాగదీసి, కేబుల్ మెడకి చుట్టి, పైన ఇన్సులేషన్ టేప్ వేసి ఇచ్చాడు. "హ్యాపీ క్రిస్మస్ మామా, ఇక వంగదు" అన్నాడు. ఆ కేబుల్ నాకు ఇంటర్ ఫస్టియర్ దాకా పనిచేసింది.

ఫోన్ లేనివాడు నా కేబుల్ ఎక్కడ తెగుతోందో గమనించాడు. గ్యాడ్జెట్ల గురించి క్లాసులో అందరికీ లెక్చర్లు ఇచ్చే నేను మాత్రం వాడికి ఫోన్ లేదని ఏడాదిలో ఒక్కసారీ గమనించలేదు. అందుకే ఈ ఆర్టికల్ ప్రోడక్ట్‌తో కాదు, ప్రశ్నలతో మొదలవుతుంది.

(చిన్న హెచ్చరిక: స్ప్రింగ్ చిట్కా పైన రబ్బరు కాస్త బలహీనపడ్డ కేబుల్‌కే. లోపలి వైర్లు కనిపిస్తుంటే స్ప్రింగ్ చుట్టొద్దు, అది లోహం. అలాంటి కేబుల్‌ని పారేయడమే మంచిది.)

కొనేముందు మూడు ప్రశ్నలు

1. ఫోన్ ఎవరిది? సొంతదా, అమ్మదా, అన్నదమ్ములందరికీ కలిపి ఒకటా, అసలు లేదా? నేరుగా అడిగితే ఇబ్బంది పడతారు. రిప్లై వచ్చే టైమ్ చూడండి. రోజూ రాత్రి ఎనిమిది దాటాకే మెసేజ్‌లు చదువుతున్నారంటే ఆ ఫోన్ నాన్నతోపాటు ఇంటికి వస్తోందని అర్థం. డీపీలో వాళ్లమ్మ ఫొటో ఉంటే ఇంకా క్లియర్.

2. పోర్ట్ ఏది? ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు దాదాపు అన్నీ టైప్-సి. కానీ పిల్లల చేతికి వచ్చేది తరచుగా ఇంట్లో పాత ఫోన్, అందులో మైక్రో యూఎస్‌బీ ఉండొచ్చు. ఐఫోన్ అయితే 2023లో వచ్చిన 15 సిరీస్ నుంచే టైప్-సి, అంతకు ముందువి లైట్నింగ్. 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్ ఉందో లేదో కూడా చూడండి.

3. రోజూ దేనికి ఇబ్బంది పడుతున్నారు? ఫోన్‌ని పుస్తకాలకి ఆనించి వీడియో చూస్తుంటే అది పదేపదే పడిపోతోందా? "స్టోరేజ్ ఫుల్" అని విసుక్కుంటున్నారా? ప్రాజెక్ట్ ప్రింట్ కోసం నెట్ సెంటర్ చుట్టూ తిరుగుతున్నారా? రెండు రోజులు పక్కన ఉండి చూస్తే గిఫ్ట్ ఐడియా అదే దొరుకుతుంది.

రూ. 150 లోపు

కింద చెప్పేవి నేను షాపుల్లో చూసిన సుమారు ధరలు. ఊరిని, బ్రాండ్‌ని బట్టి అటూఇటూ అవుతాయి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో ఒకసారి తిరిగితే ఇవన్నీ ఒకే చోట కనిపిస్తాయి. చిన్న ఊళ్లో అయితే మొబైల్ రీఛార్జ్ షాపులోనే అడగండి. తేడా వస్తే వెనక్కి ఇవ్వడానికి తెలిసిన షాపే మేలు.

ఫోన్ స్టాండ్: నా ఓటు దీనికే. మడత పెట్టే ప్లాస్టిక్ స్టాండ్ 100 రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఫోన్ మోడల్ ఏదైనా సరిపోతుంది, పోర్ట్ గొడవ లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు. ఫోన్ అమ్మది అయినా పనికొస్తుంది, అమ్మకీ పనికొస్తుంది. కొనేటప్పుడు మీ ఫోన్‌ని నిలువుగా, అడ్డంగా పెట్టి స్క్రీన్ పైభాగం మీద వేలితో నొక్కి చూడండి. వెనక్కి పడిపోతే వద్దు. కింద రబ్బరు ఉందో లేదో, ఛార్జింగ్ వైర్ బయటికి రావడానికి ఖాళీ ఉందో లేదో చూడండి.

ఓటీజీ అడాప్టర్: వేలు గోరంత ఉంటుంది, 50 నుంచి 150 లోపు. పెన్‌డ్రైవ్‌ని నేరుగా ఫోన్‌కి పెట్టుకోవచ్చు, మౌస్ కూడా పనిచేస్తుంది. ఇంట్లో కంప్యూటర్ లేని ఫ్రెండ్‌కి ఇది చాలా పెద్ద సాయం. టైప్-సి, మైక్రో రెండు రకాలు ఉంటాయి కాబట్టి రెండో ప్రశ్నకి జవాబు తెలిశాకే కొనండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ ఆన్ చేయాలి. ఆ మాట చిన్న కాగితం మీద రాసి పెట్టండి, లేకపోతే "పనిచేయట్లేదు" అనుకుని మూల పడేస్తారు.

కేబుల్ ప్రొటెక్టర్లు, క్లిప్పులు: నా ఫ్రెండ్ పెన్ స్ప్రింగ్‌తో చేసిన పనినే ఇవి అందంగా చేస్తాయి. చాలా చవక. విడిగా ఇస్తే చిన్నగా ఉంటుంది, మైక్రోఫైబర్ గుడ్డతో కలిపి ఇస్తే చక్కటి సెట్.

రూ. 150 నుంచి 300 వరకు

ఛార్జింగ్ కేబుల్: బోరింగ్ గిఫ్ట్ అనిపిస్తుంది కానీ, టేప్ చుట్టిన కేబుల్‌తో నెట్టుకొస్తున్నవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. రెండు వైపులా చూసి కొనండి. ఫోన్ వైపు టైప్-సి అని అందరూ చూస్తారు, ఛార్జర్ వైపు చూడరు. పాత ఛార్జర్‌కి వెడల్పు యూఎస్‌బీ-ఏ పిన్ కావాలి, మీరు రెండు వైపులా టైప్-సి ఉన్నది ఇస్తే అది పెట్టెలోనే ఉండిపోతుంది. ప్యాక్ మీద 3 ఆంపియర్లు అని ఉంటే మామూలు వాడకానికి చాలు. 5 ఆంపియర్ల టైప్-సి టు టైప్-సి కేబుల్‌కి లోపల ఈ-మార్కర్ అనే చిప్ ఉండాలి, ఈ బడ్జెట్‌లో ఆ మాట రాసి ఉంటే కాస్త అనుమానించండి. కొన్ని కంపెనీల ఫాస్ట్ ఛార్జింగ్ వాళ్ల సొంత కేబుల్‌తోనే పూర్తి స్పీడ్ ఇస్తుంది. బయటి కేబుల్‌తో ఛార్జ్ అవుతుంది, కానీ నెమ్మదిగా.

వైర్డ్ ఇయర్‌ఫోన్స్: జాక్ ఉన్న ఫోన్ అయితే పేరున్న బ్రాండ్ 3.5 ఎంఎం మోడల్ తీసుకోండి. 300లో దొరికే ఊరూపేరూ లేని వైర్‌లెస్ బడ్స్ కన్నా ఇది వంద రెట్లు నయం. ఛార్జింగ్ అక్కర్లేదు, ఒక చెవిది పోయిందన్న గొడవ లేదు, కాల్‌లో గొంతు క్లియర్‌గా వెళ్తుంది. జాక్ లేని ఫోన్ అయితే జాగ్రత్త. టైప్-సి నుంచి 3.5 ఎంఎంకి మార్చే అడాప్టర్లలో రెండు రకాలు ఉన్నాయి. లోపల డాక్ చిప్ ఉన్నది ఒకటి, లేనిది ఇంకొకటి. చిప్ లేనిది కొన్ని ఫోన్లలో అస్సలు పనిచేయదు. ప్యాక్ మీద డాక్ అని రాసి ఉన్నదే అడగండి.

పెన్‌డ్రైవ్: తెలిసిన బ్రాండ్ 32 జీబీ మీ బడ్జెట్‌లో దొరికితే తీసుకోండి. 32 జీబీది విండోస్‌లో 29.8 జీబీ దాకా మాత్రమే చూపిస్తుంది. అది మోసం కాదు, లెక్క పద్ధతిలో తేడా. అసలు మోసం ఎలా ఉంటుందంటే, 1 టీబీ అని రాసి 300కి అమ్ముతారు. కంప్యూటర్‌కి పెడితే 1 టీబీ అనే చూపిస్తుంది, కానీ లోపల ఉన్న అసలు సైజు దాటాక మీరు వేసే ఫైళ్లన్నీ పాడైపోతాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత టూల్స్ డ్రైవ్ నిండా డేటా రాసి, తిరిగి చదివి నిజం చెప్పేస్తాయి. ఖాళీ డ్రైవ్ మీద మాత్రమే నడపండి. కాస్త టైమ్ పడుతుంది, అయినా గిఫ్ట్ ప్యాక్ చేసేముందు ఇంట్లో ఒకసారి టెస్ట్ చేయడం మీ బాధ్యత.

ఫోన్ లేని ఫ్రెండ్‌కి

నేను పదో తరగతిలో వెతకాల్సిన లిస్ట్ ఇది.

ప్రింట్ చేసిన ఫొటోలు: సొంత ఫోన్ లేనివాళ్ల దగ్గర క్లాస్ ఫొటోలు ఉండవు. టూర్‌లో, స్పోర్ట్స్ డేలో తీసినవన్నీ మీ ఫోన్లలోనే ఉంటాయి. వాటిలో ఓ ఐదారు ఏరి స్టూడియోలో 4×6 సైజు ప్రింట్ వేయించండి. మంచి ప్రింట్‌కి 1800×1200 పిక్సెళ్లు ఉంటే చాలు, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు, కాబట్టి పాత ఫోన్‌తో తీసినా బాగానే వస్తుంది. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కంప్రెస్ అవుతుంది. తీసినవాళ్లని అడిగి ఒరిజినల్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపించుకోండి. ఇంకో సంగతి, ఫోన్ ఫొటో ఎక్కువగా 4:3 ఆకారంలో ఉంటుంది, 4×6 కాగితం 3:2. పైనా కిందా కొంచెం తెగుతుంది. స్టూడియోవాళ్లకి వదిలేయకుండా మీరే క్రాప్ చేసి ఇస్తే తలలు తెగవు.

వాచ్: చిన్న ముళ్ల వాచ్ 200-300 మధ్యలో దొరుకుతుంది. డిజిటల్ వాచ్‌కి అలారం ఉంటుంది కానీ పరీక్ష హాల్లోకి రానివ్వకపోవచ్చు. పదో తరగతి ఫ్రెండ్‌కి ముళ్లదే సేఫ్.

చదువుకునే క్లిప్ లైట్: కరెంట్ పోయినా పుస్తకానికి తగిలించుకుని చదువుకోవచ్చు. యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యేది కొనేముందు ఆలోచించండి. కీప్యాడ్ ఫోన్ ఛార్జర్లు చాలావాటికి వైరు ఊడిరాదు, ఆ ఇంట్లో యూఎస్‌బీ అడాప్టరే ఉండకపోవచ్చు. మామూలు పెన్సిల్ సెల్స్‌తో వెలిగేది తీసుకుని, ఒక జత సెల్స్ కూడా కలిపి ఇవ్వండి. బిళ్ల బ్యాటరీలతో వెలిగే బుల్లి లైట్లు మాత్రం చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇంటికి ఇవ్వొద్దు. పిల్లలు ఆ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

పైసా ఖర్చు లేనివి

మీ గొంతు: 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీర్ కంప్యూటర్ నుంచి వొడాఫోన్ నెట్‌వర్క్ మీద ఒక ఫోన్‌కి తొలి ఎస్ఎంఎస్ పంపాడు. అందులో ఉన్నది రెండే పదాలు: మెర్రీ క్రిస్మస్. ఇప్పుడు ఆ రెండు పదాలే ఫార్వర్డ్ మెసేజ్‌లుగా వందల్లో వస్తుంటే ఎవరూ చదవట్లేదు. కాబట్టి ఓ నిమిషం వాయిస్ రికార్డ్ చేసి, క్యూఆర్ కోడ్‌గా గ్రీటింగ్ కార్డు మీద అంటించండి. ఆడియోని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింక్ ఉన్నవాళ్లెవరైనా వినేలా పర్మిషన్ ఇవ్వాలి. ఆ లింక్‌కి క్యూఆర్ తయారుచేసే ఉచిత సైట్లు చాలా ఉన్నాయి. 'డైనమిక్' కోడ్ వద్దు, ట్రయల్ అయిపోగానే కొన్ని సైట్లు ఆపేస్తాయి. 'స్టాటిక్' కోడ్ అయితే లింక్ ఉన్నన్నాళ్లూ పనిచేస్తుంది. చుట్టూ తెల్లటి అంచు వదలండి, మూడు మూలల్లోని చదరాల మీద స్టిక్కర్లు, మెరుపులు అంటించొద్దు. ఇంకో ఫోన్‌తో స్కాన్ చేసి చూశాకే కార్డు ఇవ్వండి. ఫోన్ లేని ఫ్రెండ్‌కి మాత్రం ఇదంతా వద్దు, చేత్తో రాయండి.

సర్వీస్ కూపన్: కాగితం మీద "ఒక ఆదివారం మీ ఇంటికి వచ్చి ఫోన్ స్టోరేజ్ ఖాళీ చేసి పెడతాను" అని రాసి ఇవ్వండి. అమ్మమ్మ ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయడం, తెలుగు కీబోర్డ్ సెట్ చేయడం కూడా ఇందులోకే వస్తాయి. మనకి ఐదు నిమిషాల పని, వాళ్లకి రోజూ తప్పే చిరాకు. ఒకటే రూల్, ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు చెప్పండి, వాళ్లు నొక్కుతారు. గ్యాలరీ, చాట్స్ మీరు తెరవొద్దు.

వీటికి దూరంగా ఉండండి

300 రూపాయల పవర్ బ్యాంక్: చూడ్డానికి గ్రాండ్‌గా ఉంటుంది, అందుకే చాలామంది పడిపోతారు. లెక్క చూడండి. మామూలుగా వాడే 18650 సెల్ ఒక్కోటి సుమారు 45 గ్రాములు, మంచిది అయినా 3500 ఎంఏహెచ్ దాటడం కష్టం. 20000 ఎంఏహెచ్ రావాలంటే ఆరు సెల్స్ కావాలి. సెల్స్ బరువే 270 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే ఖాళీ సబ్బు పెట్టెలా తేలిగ్గా ఉన్న 20000 అబద్ధం చెబుతున్నట్టే. నిజమైన 10000 ఎంఏహెచ్‌ది కూడా ఫోన్‌కి అంతా ఇవ్వలేదు. 3.7 వోల్టుల నుంచి 5 వోల్టులకి మారేసరికే లెక్క 7400కి దిగుతుంది, వేడి రూపంలో ఇంకొంత పోతుంది. నాసిరకం సెల్ ఉబ్బొచ్చు, మంట కూడా రావొచ్చు. గిఫ్ట్ ఇచ్చి ఫ్రెండ్ ఇంట్లో ప్రమాదం పెట్టడం ఎందుకు?

పేరులేని ఛార్జర్: మన దేశంలో పవర్ బ్యాంకులకీ, మొబైల్ ఛార్జర్లకీ బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్యాక్ మీద, వస్తువు మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అది ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. గుర్తు లేకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

ఇచ్చేటప్పుడు

బడ్జెట్ 200 అనుకుంటే 200లోనే ఉండండి. మీ దగ్గర డబ్బులున్నాయని 800ది ఇస్తే తీసుకున్నవాళ్లు మొహమాటపడతారు, 150ది తెచ్చినవాళ్లు ప్యాకెట్ వెనక దాచుకుంటారు. స్కూల్లోకి ఎలక్ట్రానిక్ వస్తువులు రానివ్వకపోతే ముందే క్లాస్ టీచర్‌ని అడగండి, లేదా గేటు బయట ఇవ్వండి.

ధర స్టిక్కర్ తీసేయండి, బిల్లు మాత్రం దాచండి. వారంటీ కొన్న రోజు నుంచి లెక్క, వాడిన రోజు నుంచి కాదు. ఇది కూడా నాకు ఆ ఇయర్‌ఫోన్స్‌తోనే తెలిసింది. ఇంటర్ సెకండియర్‌లో మా వాడికి ఫోన్ వచ్చింది. ఆ రోజు సాయంత్రమే మేకు మీది ప్యాకెట్ తీసి, నన్ను పిలిచి, నా ముందే పెట్టుకున్నాడు. ఒక వైపే వినిపించింది. బిల్లు నేను ఎప్పుడో పారేశాను, ఉన్నా ఆరు నెలల వారంటీ ఎప్పుడో దాటిపోయింది. "పర్లేదు మామా, ఇంకో చెవితో నువ్వు చెప్పేది వింటా" అని నవ్వేశాడు. అలాగే చాలా రోజులు వాడాడు.

కాబట్టి చీటీ తీసిన వెంటనే షాపింగ్ యాప్ తెరవొద్దు. రెండు రోజులు ఆ ఫ్రెండ్ పక్కన కూర్చోండి. వాళ్ల చేతిలో ఏం ఉందో, ఏం లేదో చూడండి. మూడో రోజు షాపుకి వెళ్లండి.